ఒక్క వైరే కదమ్మా

జూన్ 2, సోమవారం

జగ్గయ్యపేటలో మా కారం మిల్లుకు కొత్త ప్యాకింగ్ మిషన్ వచ్చింది. కొనమని యజమాని భవానీప్రసాద్ గారి వెంట పడింది నేనే. ఇంజనీరుగా చేరాక నా మాట మీద ఆయన కొన్న మొదటి వస్తువు.

కవరు లాగే మోటారు, కారం పోసే గరాటు, కోసే కత్తి. మూడూ ఒకే నెట్‌వర్క్ మీద మాట్లాడుకుంటాయి. మామూలు నెట్‌లో కబురు కాస్త ఆలస్యమైనా కొంప మునగదు. ఇక్కడ మిల్లీసెకను కూడా తేడా రాకూడదు. కోలాటం లాగా. ఒక్కరు తాళం తప్పితే పక్కవాళ్ల వేళ్లు చితుకుతాయి.

కాబట్టి నా తీర్మానం: మిషన్ వైర్లు కలిసే పెట్టెలో వేరే వైరు పెట్టను, పెట్టనివ్వను. కాగితం మీద రాసి పెట్టెకు అంటించాను.

"శుక్రవారం విజయవాడ నుంచి ఎడ్విన్ గారొస్తున్నారమ్మా. హోటళ్లకి కారం వేసేది ఆయనే. ఆయన ముందు మిషన్ ఆడితే ఆర్డరు మనదే" అన్నారు భవానీప్రసాద్ గారు.

"ఆడుద్దండి" అన్నాను.

జూన్ 3, మంగళవారం

ఆడింది. ప్యాకెట్లన్నీ ఒకే కొలత. ప్యాకింగ్ చూసే రత్తమ్మ గారు చప్పట్లు కొట్టారు. నేను ఈల వేశాను. ఆడపిల్ల మిల్లులో ఈల వేస్తే బాగుండదట. మళ్లీ వేశాను.

జూన్ 4, బుధవారం

ఉదయం: భవానీప్రసాద్ గారు కెమెరా తెచ్చారు. కంచికచర్ల కొట్లో కూర్చుని ఫోన్‌లో మిషన్ చూసుకుంటారట. "పెట్టెలో ఖాళీలున్నాయిగా, ఒక్క వైరే కదమ్మా." కుదరదన్నాను.

భోజనాలయ్యాక: ఆయన మొహం చూడలేకపోయాను. కెమెరా వైరు పెట్టాను. దానికి ఇంటర్నెట్ కావాలి కనుక ఆ వైరూ పెట్టాను. మిషన్‌ను చూసే కెమెరా మిషన్‌లో భాగమే. తీర్మానం తప్పినట్టు కాదు.

సాయంత్రం: ఆఫీసు ప్రింటర్ కూడా. పాపం, అది ఎప్పుడో గానీ నోరు తెరవదు.

జూన్ 5, గురువారం

ఏమీ కాలేదు. నాదే చాదస్తమేమో. కాగితం ఒక మూల ఊడింది. మళ్లీ అంటించలేదు.

జూన్ 6, శుక్రవారం

ఉదయం: రత్తమ్మ గారి అమ్మాయి గీతాంజలి జి.కొండూరులో కబడ్డీ ఫైనల్ ఆడుతోంది. "పార్టీ వస్తున్నారని సెలవియ్యలా. క్యాంటీన్ టీవీకి నెట్ పెట్టమ్మా, కళ్లారా చూసుకుంటా" అన్నారామె. వైరు నేనే పెట్టాను. ఎడ్విన్ గారొచ్చేలోపు తీసేద్దామనుకున్నాను.

మధ్యాహ్నం: ఆయన ముందే వచ్చారు. అక్కడ స్కోరు సమంగా ఉంది. టీవీ వైరు తీయడానికి చేతులు రాలేదు. మిషన్ ఆన్ చేశాను. మొదట బాగానే ఆడింది. తర్వాత కెమెరా, టీవీ వీడియోల రద్దీలో కత్తికి కబురు ఆలస్యమైంది. రెండు ప్యాకెట్ల మధ్య పడాల్సిన కత్తి ప్యాకెట్ నడుం మీద పడింది. దాని వెనకదీ అంతే. ఎర్రటి పొగ లేచింది. ఎడ్విన్ గారు తుమ్మారు. భవానీప్రసాద్ గారు తుమ్మారు. నేను మిషన్ ఆపేలోపు షెడ్డంతా తుమ్మింది. అప్పుడే క్యాంటీన్‌లో కేకలు. గీతాంజలి జట్టు గెలిచింది.

"నీ మాట మీద కొన్నా కదమ్మా" అన్నారు భవానీప్రసాద్ గారు.

"తప్పు మిషన్‌ది కాదండి. వేరే వైర్లు పెట్టింది నేనే. ఒక్క నిమిషం ఆగండి."

కెమెరా, ప్రింటర్, టీవీ, ఇంటర్నెట్, అన్నీ పీకేశాను. మళ్లీ ఆన్ చేశాను. ప్యాకెట్ వచ్చింది. ఇంకోటి వచ్చింది. నిండుగా, తిన్నగా, చిటికెడు కారం కూడా బయటికి రాలేదు.

ఎడ్విన్ గారు కళ్లు తుడుచుకుంటూ, "ఎన్నేళ్ల నుంచో కారం కొంటున్నా, ఏ కారమూ నన్నిట్టా ఏడిపించలా. సరుకంటే ఇదండి" అన్నారు.

ఆర్డరు మాదే. అందరం తుమ్ముతూ నవ్వాం, నవ్వుతూ తుమ్మాం.

జూన్ 7, శనివారం

నందిగామ నుంచి ఇంకో పెట్టె తెప్పించాను. కెమెరా, టీవీ, ప్రింటర్ ఇక దాంట్లోనే. నా తీర్మానం ఇవాళ్టి నుంచి మళ్లీ మొదలు. మిషన్ పెట్టెలో వేరే వైరు పెట్టను, పెట్టనివ్వను. ఈసారి ఖాయం.

ఇది రాస్తుండగా భవానీప్రసాద్ గారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. "ఆసిఫా, ఖాళీయేనా అమ్మా?" అన్నారు చాలా మెత్తగా. రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నారు.

"వెనకాల ఏంటండి అది?" అన్నాను.