ఫ్రిజ్‌కు కప్పిన గోనెసంచులు

తాడేపల్లిగూడెం.

చిరంజీవి రాంబాబుకు,

అక్క దీవించి రాస్తున్నది. మేమిద్దరం ఇక్కడ కులాసా. అమ్మ మోకాళ్లు, నాన్న దగ్గు, నీ షుగరు ఎలా ఉన్నాయో విడివిడిగా రాయి. అందరం బాగున్నామని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఊరుకోను.

మీ బావగారికి ఉల్లిపాయల మార్కెట్లో కాటా దగ్గర పని కుదురుకుంది. చొక్కాకు చేపల వాసన పోయి ఉల్లి వాసన పట్టింది, అంతే తేడా. ఎండలు ఇంకా తగ్గలేదు. కొల్లేట్లో సర్కారువాళ్లు చేపల చెరువుల గట్లు కొట్టేశాక ఊరు వదిలి వచ్చినందుకు బెంగ లేదని అబద్ధం చెప్పను. సాయంత్రమైతే కొల్లేటి గాలి గుర్తొచ్చి ఏమీ తోచదు. అయినా నా గురించి దిగులు పడకండి, బాగానే ఉన్నాను.

ఇక అసలు సంగతి. ఇక్కడ పాలిటెక్నిక్‌లో సీటు వచ్చినా, షుగరు ఇంజక్షను మందు దాచుకోవడానికి ఫ్రిజ్ లేని ఇంటికి ఎలా రానని నువ్వు రాసింది చదివి నాకు అన్నం సహించలేదు. మన ఆకివీడు మందుల షాపువాళ్లు తమ ఫ్రిజ్‌లో నీ మందు దాస్తున్నారని అక్కడే ఉండిపోయి చదువు మానేస్తావా? మనమే కొనాలి అన్నాను. కానీ మా మూడు వాటాలకూ ఒకటే మీటరు. ఇంటావిడ శేషమ్మగారు మంచావిడే గానీ, కరెంటు దగ్గర మహా గట్టి. "చూడమ్మాయ్, మీటరు పరుగెత్తిందో, ఆ ఫ్రిజ్జయినా బయటికెళ్లాలి, మీరైనా వెళ్లాలి" అని ముందే చెప్పేశారు.

షాపులో మీ బావగారి కళ్లు రెండు తలుపుల ఫ్రిజ్ మీద పడ్డాయి. "ఇందులో బుట్టెడు చేపలు పడతాయే!" అన్నారు. మనకు కావలసింది తమ్ముడి మందుకు చోటు గానీ చేపల లారీ కాదని ఇవతలికి లాక్కొచ్చాను. ఈమధ్య ఫ్రిజ్‌ల తలుపుల మీద నక్షత్రాల కాగితం అంటిస్తున్నారు. నక్షత్రాలు ఎక్కువుంటే కరెంటు తక్కువ లాగుతుందట. మన ముగ్గురికీ సరిపడే ఒంటి తలుపువాటిలో ఎక్కువ నక్షత్రాలున్నది ఏరుకున్నాను. ధర కాస్త ఎక్కువే, అయినా వెనక్కి తగ్గలేదు.

తీరా ఇంటికి తెచ్చాక మీ బావగారి చేపల తెలివి బయటపడింది. ఆకివీడులో ఇన్నేళ్లు మంచు ప్యాకింగు చేసిన మనిషి కదా! ఫ్రిజ్‌ను మూలకు నెట్టి, గోడకు ఆనించి, చుట్టూ ఊక నింపిన గోనెసంచులు పేర్చారు. "చల్లదనం బయటికి పోదు, కరెంటు ఇంకా కలిసొస్తుంది" అన్నారు. నాకూ సబబుగానే తోచింది. మంచుగడ్డలకు ఊకపోసి గోనె కప్పడం చూస్తూ పెరిగినవాళ్లమే కదా మనం.

మర్నాడు శేషమ్మగారు మీటరు ముందు నిలబడి కేకేశారు. "ఏవమ్మాయ్, చక్రం గిర్రున తిరుగుతోంది! రేపే తీయించెయ్ దాన్ని."

"ఒక్క అవకాశం ఇవ్వండి అమ్మగారూ" అని మీ బావగారు చేతులు జోడించారు. నీ సీటు పోయినట్టే అనుకున్నాను. నిజమే, మోటారు ముందురోజు నుంచి ఆగలేదు. సంచి వెనక చెయ్యి పెడితే పొయ్యి దగ్గర పెట్టినట్టు కాలింది. అప్పుడు తెలిసింది రాంబాబూ. మంచుగడ్డ తన చలిని దాచుకోవాలి. ఫ్రిజ్ మాత్రం లోపలి వేడిని వీపు వైపు నుంచి బయటికి పంపించాలి. ఆ దారిని మేమే ఊకతో మూసేశాం.

సంచులన్నీ లాగేసి, ఫ్రిజ్‌ను గోడకు జానెడు ఇవతలికి జరిపించాను. "కాఫీ తాగి వెళ్దురుగాని, కూర్చోండి" అని శేషమ్మగారిని కూర్చోబెట్టాను. కాసేపటికి వెనక వేడి తగ్గింది. ఇంకాసేపటికి మోటారు దానంతటదే ఆగింది. ఆవిడ వెళ్లి మీటరు చూశారు. చక్రం నెమ్మదిగా తిరుగుతోంది. "మాది కూడా గోడకు ఆనించే ఉందే" అన్నారు. మీ బావగారే వెళ్లి దాన్నీ జరిపి వచ్చారు. గుమ్మం దాటుతూ ఆవిడ, "మీ తమ్ముణ్ణి రమ్మనమ్మా, చదువు పాడుచేసుకోవడం ఎందుకు" అన్నారు. నేను లోపలికి పోయి ఏడ్చేశాను.

కాబట్టి ఇంకేమీ ఆలోచించకుండా బయలుదేరు. దారిలో మందుకు మంచు తగలనివ్వకు, గడ్డకడితే పనికిరాదని డాక్టరుగారు చెప్పారు కదా. అమ్మనడిగి కాసిని ఎండు రొయ్యలు తే. అమ్మకూ నాన్నకూ నా నమస్కారాలు చెప్పి, మా ముగ్గురినీ దీవించమని అడుగు. అవును, ముగ్గురినీ, నువ్వు మేనమామవి కాబోతున్నావు.

ఫ్రిజ్ తలుపులో పై అర ఖాళీగా ఉంచాను. నిన్న మీ బావగారు అందులో నిమ్మకాయ పెట్టబోతే చెయ్యి పట్టుకొని ఆపాను. అది నీది.

నీ కోసం ఎదురుచూస్తూ,
అక్క లక్ష్మి