గాత్రదానం

ఫిబ్రవరి 3

అక్క ఫోన్ చేసింది. చివరి ఆల్బమ్ అట. నవ్వొచ్చింది. అక్క చివరి కచేరీలు ఇప్పటికి నాలుగయ్యాయి. ఇదే ఆఖరని చెప్పి అందరినీ ఏడిపించడం, ఆర్నెల్లు తిరక్కుండా మళ్ళీ మైకు ముందు నిలబడటం ఆవిడకి మామూలే. ఆ మాటే అన్నాను. ఈసారి నిజమేనంది. పాడుకోవలసిందేదో ఎండలు ముదిరేలోపే పాడేసుకోమని గొంతు డాక్టరు చెప్పాడట.

అక్కే మాట మార్చి, ఎవరెవరు వాయించడానికి వస్తున్నారో చెప్పుకొచ్చింది. జాజ్ వాళ్ళంతా అక్కంటే పడిచస్తారు, పిలిస్తే చాలు. బేస్ ముసలాయన, శాక్సఫోన్ అన్నదమ్ములు, పియానో వాయించే ఒక చిన్నపిల్ల. చివరికి మా బావ. బావది ట్రంపెట్. వాళ్ళకి విడాకులై చాలా ఏళ్ళయింది, నేనింకా బావా అనే పిలుస్తాను. విడాకులు వాళ్ళకి, నాకు కాదు. అక్కకి గొంతెమ్మ అని పేరు పెట్టింది ఆయనే. గొంతు విని పెట్టాడో, గొంతెమ్మ కోరికలు చూసి పెట్టాడో ఇప్పటికీ చెప్పడు.

సాయంత్రం అక్క ఇంటికొచ్చింది. వస్తూ వస్తూ లిఫ్టుతో మాట్లాడిందట, ఎప్పటిలాగే. మా బిల్డింగ్ లిఫ్టులో ఉన్నది నా గొంతు. ‘తలుపులు మూసుకుంటున్నాయి’ అని ఎప్పుడో రికార్డు చేసి ఇచ్చాను. నేను డబ్బింగ్ దాన్ని కదా, లిఫ్టులకీ, బ్యాంకు ఫోన్లకీ, పిల్లల కార్టూన్లో ఉడుతకీ నాదే గొంతు. లిఫ్టు ఆ మాట అనగానే అక్క ‘ఏమే చెల్లీ, తిన్నావా?’ అని అడుగుతుంది. పక్కన ఎవరున్నా సరే. మా పక్క ఫ్లాటావిడ అక్కకి కొంచెం తిక్క ఉందని గట్టిగా నమ్ముతుంది.

ఫిబ్రవరి 11

స్టూడియోలో మొదటి రోజు. కింద చెప్పుల గోడౌను, పైన స్టూడియో. మెట్లెక్కినంతసేపూ రబ్బరు వాసన. రికార్డింగ్ ఇంజనీరుని అందరూ ‘చెవులు’ అంటారు. ఎప్పుడూ హెడ్‌ఫోన్స్‌తోనే ఉంటాడు, తినేటప్పుడు కూడా.

అక్క కింది స్వరాలు ఇంకా అలాగే ఉన్నాయి. పైకి వెళ్ళేసరికి గొంతు మూసుకుపోయింది. పాట బదులు గాలి వచ్చింది. మళ్ళీ ఎత్తుకుంది, మళ్ళీ గాలే. బేస్ ముసలాయన మర్యాదస్తుడు, తన వేళ్ళకేసి చూసుకుంటూ నిలబడ్డాడు. నేను ఫ్లాస్కు మూత తిప్పుతూ కూర్చున్నాను, ఎక్కడ చూడాలో తెలియక.

అక్క అందరినీ టీకి పంపేసి నన్ను పిలిచింది. పై స్వరాలు నువ్వు పాడు, చెవులు అతుకు పెట్టేస్తాడు, చిన్నప్పుడు నన్ను వెక్కిరించేదానివిగా, అలాగే పాడెయ్ అంది. ఇది మోసం అక్కా అన్నాను.

‘మోసం కాదే. గాత్రదానం. నువ్వు రోజూ చేసే పనేగా.’

గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది నాకు. ఫ్లాస్కు బల్ల మీద పెట్టేసి వచ్చేశాను.

ఫిబ్రవరి 12

చచ్చినా పాడను.

ఫిబ్రవరి 14

పాడాను. సిగ్గులేదు నాకు.

అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అన్న రకం మా అక్క. ఈసారి రెండూ పట్టుకోలేదు. తన పక్కన నాకో కుర్చీ వేయించి, ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు పెట్టించి, ఊరికే కూర్చుంది. ఆ కుర్చీని చూసి కరిగిపోయాను.

మాకూ వాయించేవాళ్ళకీ మధ్య చెవులు ఒక నల్ల తెర కట్టాడు. శబ్దాలు కలవకుండా అని వాళ్ళతో చెప్పాడు. అక్క గొంతు అడుగంటిన పాలలాంటిది. ఆ మాడు వాసన కొందరికి గిట్టదు, గిట్టినవాళ్ళకి ఇంకే పాలూ సయించవు. వెక్కిరించడానికి ఆ గొంతు ఎన్నిసార్లు పెట్టానో లెక్కలేదు. ఇవాళ వెక్కిరింత కాదు. నోరు తెరిస్తే వచ్చేసింది. ఒక చోట అక్క ఆగింది, నేనందుకున్నాను. అతుకు ఎక్కడుందో నాకే తెలియలేదు.

తెర అవతలి నుంచి ముసలాయన చప్పట్లు కొట్టాడు. ఆ చప్పట్లు నావి. ఈ ముక్క ఇక్కడ తప్ప ఎక్కడా రాసుకోలేను. ఆ గొంతు కోసం చిన్నప్పుడు దుప్పటి ముసుగేసుకుని ఏడ్చాను నేను.

ఫిబ్రవరి 21

గొంతు బొంగురుపోయింది. ఆవిరి పట్టాను, ఉప్పునీళ్ళు పుక్కిలించాను. డబ్బింగ్‌కి వెళ్తే ఉడుత రాలేదు. తెరమీద ఉడుత కొమ్మ మీంచి కొమ్మ మీదికి గెంతుతోంది, నేను నోరు తెరిస్తే ఎవరో పెద్దావిడ నింపాదిగా కాలు మీద కాలేసుకుని మాట్లాడుతున్నట్టుంది. డైరెక్టరు మంచివాడు. జలుబా మేడమ్ అన్నాడు. జలుబే అన్నాను. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. వారం రోజులు ఇంట్లో ఉండమన్నాడు.

ఆ ఉడుత మొదటి నుంచీ నాది. నా ముఖం ఎవరికీ తెలియదు. కానీ షాపులో నేను బేరమాడుతుంటే పసిపిల్లలు తల తిప్పి చూస్తారు, ఉడుత ఎక్కడుందా అని. లోకంలో నాకున్న పేరల్లా అదొక్కటే.

ఫిబ్రవరి 22

జలుబు లేదు. ముక్కు శుభ్రంగా ఉంది.

ఫిబ్రవరి 27

పియానో పిల్ల వచ్చింది. రెండు పాటలు అయిపోయాయి. అక్క ఇప్పుడు కింది స్వరాలు కూడా నా మీదికే నెట్టేస్తోంది. నేనూ కాదనడం లేదు.

పాట అయ్యాక ఆ పిల్ల తెర దాటి వచ్చి అక్కకి దండం పెట్టింది. అక్క ఏదో మెచ్చుకుంది. ఆ పిల్ల పకపకా నవ్వింది. మేడమ్, పాడితే అలా ఉంటుంది, మాట్లాడితే మాత్రం కార్టూన్లో ఉడుతలా ఉంటుందే మీ గొంతు అంది. నేను టీ పోస్తున్నాను. కప్పు నిండి, సాసరు నిండి, బల్ల మీదికి పారిందాకా పోస్తూనే ఉన్నాను.

తర్వాత చెవులు నన్ను పక్కకి పిలిచాడు. అక్క ట్రాకులకి ‘అ’ అనీ, నావాటికి ‘చె’ అనీ పేర్లు పెట్టుకున్నాడట. ఎక్కడో కలిసిపోయాయి, మీది ఏదో మీరే చెప్పండి అన్నాడు. రెండూ విని, ఇదిగో ఇది నాది అని చూపించాను. ఆయన హెడ్‌ఫోన్స్ తీసేశాడు. ఆయన చెవులు చూడటం అదే మొదటిసారి. అది నేను స్టూడియోకి రాని రోజు రికార్డు చేసిందట.

మార్చి 2

లిఫ్టు మాట్లాడితే ఉలిక్కిపడ్డాను. ఎవరో నా వెనక నిలబడి అన్నట్టుంది. పక్క ఫ్లాటావిడ నవ్వి, మీ గొంతేగా అంది. ఔనండీ అన్నాను. నా ‘ఔనండీ’ విని ఆవిడ గోడవైపు జరిగింది.

మార్చి 5

శాక్సఫోన్ అన్నదమ్ములు. ముందు ఎవరు వాయించాలో తేలక పొద్దున్నంతా కొట్టుకున్నారు. వాళ్ళని అదిలించింది అక్క. గలగలా, అడ్డూ ఆపూ లేకుండా. మింగితే నొప్పి పుడుతోంది గానీ మాట్లాడితే అస్సలు లేదే అని నా చెవిలో చెప్పింది. ఆ సంతోషం చూసి నేనేం అనను?

మార్చి 9, ఉదయం 10

బావ వస్తున్నాడు. ఆయన పట్టేస్తాడు. ఆ గొంతు పక్కన కాపురం చేసినవాడు. పట్టేస్తే బాగుండునని కూడా ఉంది నాకు.

మార్చి 9, సాయంత్రం 5

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఈ పాటలో మాటలుండవు. కాసేపు ట్రంపెట్, కాసేపు గొంతు. ట్రంపెట్ ఏదో అంటుంది, గొంతు అప్పటికప్పుడు జవాబు చెప్పాలి. మొత్తం నేనే పాడాను. బావ అడగడం, నేను బదులివ్వడం, హాయిగా సాగిపోతోంది. ఉన్నట్టుండి నా నోటివెంట ఒక వరస వచ్చింది. కిందికి జారి, మధ్యలో ఎక్కిలిలాంటి విరుపు, మళ్ళీ పైకి. నేనెప్పుడూ పాడింది కాదు, ఎప్పుడూ విన్నది కాదు.

ట్రంపెట్ ఆగిపోయింది.

‘ఇంకా గుర్తుందా గొంతెమ్మా?’ అంది తెర అవతలి నుంచి బావ గొంతు. తను ఆలస్యంగా ఇంటికొస్తే అక్క తలుపు తీయకుండా లోపలి నుంచి ఆ కూనిరాగం తీసి తనని ఏడిపించేదట.

ఆయన చెప్పకముందే నాకు తెలుసు. చల్లటి నేల మీద నా పాదాలు, గడియ మీద నా చెయ్యి, అవతల ఆయన నవ్వు ఆపుకోవడం. ఆ ఇంట్లో నేను ఒక్కరోజు కూడా ఉండలేదు.

అక్క కంగారుగా లేచి, ఇక చాలు, టీ తాగుదాం రమ్మంది. బావ ట్రంపెట్ తుడుచుకుంటున్నట్టున్నాడు. ‘వస్తున్నా మరదలా’ అన్నాడు.

అక్క కుర్చీ పట్టుకుని నిలబడిపోయింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. టీకి ఎవరమూ వెళ్ళలేదు.

మార్చి 10

అక్కతో గొడవ. నా గొంతు నాకిచ్చెయ్యమన్నాను. అడిగింది అక్క గొంతు, బదులిచ్చింది నా గొంతు. బయట ఎవరైనా వింటే అక్కే చెల్లిని తిడుతోందనుకుంటారు.

అక్క ఏడ్చింది. కావాలని చెయ్యలేదని ప్రమాణం చేసింది. తిరిగి ఇచ్చేద్దామని అద్దం ముందు నిలబడి ఎంతో ప్రయత్నించిందట, వదల్లేదట. ఏడ్చి ఏడ్చి కోపం తెచ్చుకుంది.

‘దానమిచ్చింది ఎవరైనా తిరిగి అడుగుతారా? అసలు నీకు మాటలు నేర్పిందెవరే?’

నిజమే. అమ్మ కుట్టుమిషను దగ్గరుంటే నన్ను చంకనేసుకుని తిప్పింది అక్క. నా నోటివెంట మొదట వచ్చిన మాట అమ్మ కాదు, అక్క.

ఇంకొక్క పాట ఉంది. అది కూడా పాడితే మిగిలిందీ పోతుందని ఇద్దరికీ తెలుసు. పాడకపోతే ఇక్కడితో ఆగుతుందేమో, నా గొంతు మెల్లగా తిరిగొస్తుందేమో. అక్క పాడమని అడగలేదు. ఆ పాట లేకుండానే ఆల్బమ్ వేసేస్తానంది. అంటూ కొంగు ముడేసి విప్పి ముడేసి విప్పింది. పాట సగంలో వదిలి పోవడమంటే తనకి చావుకన్నా భయం. ఆ భయం నాకు చెప్పనక్కర్లేదు. నా కడుపులోనే ఉంది.

మార్చి 15

ఉడుతని ఇంకొకరికి ఇచ్చేశారు. టీవీలో చూశాను. కొత్తమ్మాయి బాగానే గెంతుతోంది.

మార్చి 18

పాడేశాను.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అనేది అమ్మ. మోకాలిదాకా దిగాక ఆ సామెత ఎందుకు పనికొస్తుంది? అక్క కోసం పాడానని అందరికీ చెప్పుకోవచ్చు. అది నిజమే. ఆ గొంతు నాకు కావాలి, అదీ నిజమే. ఉడుత ఎలాగూ పోయింది. ఇక ఏ గొంతూ లేకుండా బతకడం కన్నా ఆ గొంతుతో బతకడం నయం కాదా?

బేస్ ముసలాయన, పియానో పిల్ల, అన్నదమ్ములు, బావ, అందరూ కలిసి వాయించారు. ఒక్క టేకులో అయిపోయింది. నేను పాడుతుంటే అక్క నా ఎదురుగా కూర్చుని పెదాలు కదుపుతోంది. చివరి స్వరం నేను వదిలాక కూడా ఆ పెదాలు కాసేపు కదిలాయి. తర్వాత నిట్టూర్చి, అచ్చం లిఫ్టులా అంది. ‘తలుపులు మూసుకుంటున్నాయి.’

తెర అవతల అందరూ పగలబడి నవ్వారు. చెవులు ఒక్కడే నవ్వలేదు.

ఏప్రిల్ 4

అక్క పోయింది.

ఆఖరి రోజుల్లో ఆసుపత్రిలో అక్కని చూసుకున్న నర్సు వాళ్ళ పాపకి ఉడుతంటే ప్రాణమట. పాత ఉడుత గొంతే బాగుండేదని పేచీ పెడుతుందట. అక్క గొంతు విని ఆవిడ ఆశ్చర్యపోయి, పాపకోసం రెండు మాటలు చెప్పించుకుని ఫోన్లో రికార్డు చేసుకుంది. ఎంత బాగా చెప్పిందో అక్క. నేను గుమ్మంలో నిలబడి విని, బయటికి వెళ్ళి ఏడ్చాను.

బావ వచ్చాడు. ఏడవకండి బావా అన్నాను. ముఖం చేతుల్లో దాచుకున్నాడు. తలెత్తకుండానే అడిగాడు.

‘పోయిందెవరు?’



ఏప్రిల్ 23

ఆల్బమ్ వచ్చింది. గొంతెమ్మ ఇంత బాగా ఎప్పుడూ పాడలేదని అందరూ అంటున్నారట. కవరు వెనక, అన్నిటికన్నా కింద, చిన్న అక్షరాలతో ‘గాత్రదానం: చెల్లి’ అని ఉంది. అక్క ముందే చెప్పి వేయించిందని చెవులు అన్నాడు. ఆ మాట మీద వేలు పెట్టుకుని కూర్చున్నాను. ఎవరి గురించో చదివినట్టే ఉంది.

బావకి ఫోన్ చేసి, విన్నావా అని అడిగాను. విన్నారా అనాలి. పెట్టేశాక గుర్తొచ్చింది.

మే 6

చెల్లి ఇంటికి వెళ్ళాను. తాళంచెవి నా సంచిలోనే ఉంది. ఇల్లంతా దుమ్ము. బల్ల మీద ఈ డైరీ కనబడింది. దాని రాత అచ్చం నా రాతే.

దిగేటప్పుడు లిఫ్టులో పలకరించింది, తలుపులు మూసుకుంటున్నాయని.

ఏమే చెల్లీ, తిన్నావా అన్నాను.