బావి గోడ మీది జాజు గీతలు

సుగుణా,

నువ్వు పోయి ఏడాదయింది. భూగర్భజలాలు కొలిచే ఉద్యోగి ఒకాయన నిన్న మన బావి దగ్గరికి వచ్చాడు. లోపలి గోడ మీద నువ్వు పెట్టిన ఎర్రమట్టి జాజు గీతలు చూసి ఆగిపోయాడు.

"సార్, గివి ఎవలు గీసిన్రు?"

"నా భార్య. ఏటా వానలు తగ్గినంక, నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చినయో గక్కడ గీసేది."

"హై వాటర్ మార్కులు సార్ గివి! మా దగ్గర గూడ ఇన్నేండ్లయి లేవు."

ఆయన వెళ్లాక నిఘంటువు తీశాను. సముద్రం పోటెత్తినప్పుడు నీరు ఒడ్డున ఎంతదాకా వచ్చిందో చూపే గుర్తుకు మొదట ఆ పేరు ఉండేదట. తర్వాత మనిషి అందుకున్న ఎత్తుకు కూడా ఆ మాటే వాడారట. నువ్వు సముద్రం చూడలేదు. ఏడో తరగతితో బడి మానేశావు.

"బావికి బొట్టు పెడుతున్నవా?" అని నవ్వేవాణ్ని.

"నవ్వు, నవ్వు. యాసంగిల ఎంత వరి నాటాలెనో గీ గీతనే చెప్తది" అనేదానివి.

ఒక ఏడాది నీ మాట వినకుండా మన రెండెకరాలూ నాటి, ఒకటి ఎండబెట్టాను.

ఈసారి నీళ్లు సరిగ్గా ఆ ఏడాది గీత దగ్గరే ఆగాయి. మా తమ్ముడు మాత్రం "రెండెకరాలూ నాటుదామన్నా" అని పట్టుబట్టాడు. పొద్దున జాజు కలుపుకొని మెట్లు దిగాను. నా గీత వంకరగా వచ్చింది.

పైకి వచ్చి వాడికి చెప్పాను: "ఎకరమేరా. మీ వదిన చెప్పింది."