అమ్మ కార్డుకి రెండో లూపు

2008 ఏప్రిల్ 6

కువైట్‌లో అమ్మతోపాటు ఇంటిపని చేసే సలోమీ అక్క దిగింది. సబ్బులు, సెంటు సీసాలు, వాటి మధ్య పాత చీరలో చుట్టిన పెట్టె. నా కంప్యూటర్లో గేముల బొమ్మలు నడిపే గ్రాఫిక్స్ కార్డు! అమ్మ పంపింది. అమ్మకి ఇంగ్లిష్ రాదు. నేను రాసి పంపిన మోడల్ నంబరు కాగితం పట్టుకుని, షాపులో ఒక్కో పెట్టె మీద అక్షరం అక్షరం పోల్చుకుంటూ నిలబడిందట. నెలకి దొరికే ఒక్క సెలవూ దానికే అయిపోయిందట. ఏడుపొచ్చింది. పెట్టె మాత్రం వదల్లేదు.

ఏప్రిల్ 9

గేమ్ మొదలెట్టిన ఇరవై నిమిషాలకి కంప్యూటర్ ఆఫ్. ఓడలరేవు ఎండ, పైన రేకులు. కార్డు తొంభై ఆరు డిగ్రీలు. ఇలాగే ఆడితే చస్తుంది. అమ్మకి ఏ మొహం పెట్టుకుని చెప్పను?

ఏప్రిల్ 13

అమలాపురం నెట్ సెంటర్లో మూడు గంటలు కూర్చున్నాను. వాటర్ కూలింగ్, నీళ్ళు తిప్పి వేడి లాగెయ్యడం. అందులోనూ డ్యూయల్ లూప్, రెండు వేరువేరు చుట్లు. ప్రాసెసర్‌కి ఒక పంపు, ఒక రేడియేటర్. కార్డుకి వేరే పంపు, వేరే రేడియేటర్. దీని వేడి దానికి అంటదు. కరెంటు పక్కన నీళ్ళు పారించడం! ఒక్క చుక్క కారితే అంతే సంగతులు.

ఏప్రిల్ 15

డ్రాయింగ్ తాతబ్బాయి మావయ్యకి చూపించాను. అమ్మ తమ్ముడే అయినా, ఈ ఇంట్లో నా గేములంటే పడనిది ఆయనకే. బోటు ఇంజన్లు బాగుచెయ్యడం తప్ప ఇంకేమీ తెలీదనుకున్నాను. కాగితం అటూ ఇటూ తిప్పి, ఇదేవుందే అమ్మడూ, మన బోటు ఇంజనే కదా, మంచినీళ్ళు లోపల తిరుగుతాయి, సముద్రం నీళ్ళు వేరే గొట్టంలో తిరుగుతాయి, ఎప్పుడూ కలవ్వు అన్నాడు. నీళ్ళు నింపే సీసాలు అన్నిటికన్నా పైన పెట్టమన్నాడు, పైపుల్లో చేరిన గాలి అటు పోతుందట. నెట్లో పది పేజీలు చదివింది ఒక్క ముక్కలో చెప్పేశాడు!

ఏప్రిల్ 27

రేడియేటర్లు పాత కార్ల హీటర్లవి. పంపులు చేపల తొట్టెవి. పైపేమో మేస్త్రీలు మట్టం చూసుకునేది. సీసాలు హార్లిక్స్‌వి. కార్డు మీదా ప్రాసెసర్ మీదా కూర్చుని వేడి లాగే రాగి బ్లాకులు మావయ్యే లేత్ మీద తీశాడు, అద్దంలా. నా మొహం కనిపించింది.

మే 2

కార్డు లేకుండా, కింద పేపరు పరిచి, రోజంతా నీళ్ళు తిప్పాం. పేపరు పొడిగా ఉంది. పది సార్లు తడిమి చూశాను.

మే 4, ఉదయం 9

అన్నీ బిగించాం. స్విచ్ వెయ్యబోతుంటే సూర్యావతి అత్త అడ్డుపడింది. కొబ్బరికాయ కొట్టకుండా ఇంజను స్టార్ట్ చేస్తారటండీ అని మావయ్య మీద కేకలేసింది. మావయ్య కాయ మీద రెంచీతో ఒక్కటిచ్చాడు. అది పగిలి నీళ్ళు తిన్నగా తెరిచి ఉన్న కంప్యూటర్ డబ్బాలోకి పోయాయి. అమ్మ కార్డు మీద! లోపలి నీళ్ళకి మూడు వారాలు వణికి చచ్చాం, ఇవి బయటినుంచి వచ్చి పడ్డాయి. నేను అత్తని ఏమన్నానో ఇక్కడ రాయను.

9.40

మావయ్య కార్డు ఊడదీసి, ఉప్పు లేని బ్యాటరీ నీళ్ళ బకెట్లో ముంచేశాడు. కెవ్వుమన్నాను. సముద్రంలో పడ్డ డైనమోని అలా ఎండనిస్తే ఉప్పు తినేస్తదే, ఎండకముందే కడిగెయ్యాలి, కొబ్బరినీళ్ళలో మాత్రం ఉప్పు లేదేంటి అన్నాడు. బ్రష్షుతో మూలమూలా కడిగాడు. చంటిపిల్లకి నీళ్ళు పోస్తున్నట్టు. ఆ చేతులవైపే చూస్తూ నిలబడ్డాను.

మే 5

కార్డు ఎండలో. అత్త అన్నం ముట్టలేదు. నేనూ అంతే.

మే 7, ఉదయం 11

వెలిగింది!! రెండు గంటలు ఆడాను. యాభై నాలుగు డిగ్రీలు, అంతకు మించి కదల్లేదు. పైపులో నీళ్ళు పోతూంటే ఆట మానేసి వాటినే చూశాను. అత్త కాళ్ళకి దండం పెట్టాను.

అమ్మ ఫోన్ చేసింది. కొబ్బరికాయతో సహా అంతా చెప్పేశాను. తిట్టలేదు. వెనక ఆ గలగల ఏంటే అనడిగింది. కార్డు సీసాలో గాలమ్మా, ఇంకా పూర్తిగా పోలేదు అన్నాను. వినిపించమంది. సెల్ సీసాకి ఆనించాను. కాలవలా పారే నీళ్ళ చప్పుడు విని మూడేళ్ళయిందే, ఇంకాసేపు ఉంచు అంది.

మే 11

గాలంతా పోయింది. చప్పుడు లేదు. లూపంటే అలా ఉండాలని మావయ్య మెచ్చుకున్నాడు.

అమ్మ మళ్ళీ వినిపించమంది.

కార్డు సీసా మూత తీసి గ్లాసుడు నీళ్ళు తోడేశాను. గాలి చేరి మళ్ళీ గలగల. కార్డు అరవై ఒకటి. ఉండనీ.