సబ్జా నీళ్లు

బాపూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. ధూల్‌పేటలో వినాయకుడికి రంగు వేస్తూ అన్న చెప్పాడు, దొడ్డికి పోతే రక్తం పడుతోందని. "వేడి చేసిందిరా, సబ్జా తాగితే తగ్గుతది" అన్నాడు. అచ్చం నీ మాట. ఒళ్లు మండి, అన్న చేతిలోని సబ్జా గ్లాసు లాక్కుని పారబోశాను.

నువ్వు పోయినప్పటి నుంచి నేను రోజూ తోటకూర, జొన్నరొట్టె డబ్బా కట్టిస్తే, అన్న "నేనేమన్న మేకనారా?" అని నవ్వి సిగరెట్ ముట్టించేవాడు. ఇవాళ నవ్వలేదు.

బండెక్కించి దవాఖానకు తెచ్చాను. "మీ ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ వచ్చిందా?" అని డాక్టరమ్మ అడిగింది. అన్న తల దించుకున్నాడు. నీది కడుపునొప్పి అనే కదా బస్తీ అంతా చెప్పాం.

"మా బాపుకు పెద్దపేగు క్యాన్సర్, మేడం. ఆయన గూడ సబ్జానే తాగిండు" అన్నాను.

ఎల్లుండి అన్నకు పేగులో కెమెరా పెట్టి చూస్తారు. నీకు మేం సమయానికి చేయించని పరీక్ష.