మీ అక్కకు మాట వచ్చింది

తిరుపతి, 12-8-2004

ధనశేఖర్‌కు, మీ అక్క బతికింది. ముందు ఆ మాట చదువుకో.

మెదడులో రక్తం గడ్డను కరిగించే సూది వేశారు. కోలుకుంటుందా అని డాక్టరును అడిగాను. "నడస్తాదిలే పెద్దాయనా. కుడిచెయ్యి సంగతే చెప్పలేను. ఇంకాస్త ముందొచ్చింటే గట్టిగా చెప్పేవాణ్ణి" అన్నాడు. ఆ కాస్తసేపూ నువ్వు, చచ్చుబడిన చేతికి నెత్తురు రుద్దాలని పావురం కోసం ఊరంతా తిరిగావు. వద్దు, ఆసుపత్రికి పోదామంటే "నీ పుస్తకాలు మూసిపెట్టు బావా" అన్నావు. అది మరిచిపోను.

మా బర్రెకు మేత వేస్తున్నావా? ఆమె కళ్లద్దాలు కిటికీలో ఉన్నాయి, తీసుకురా.

ఈ ఉదయం ఆమెకు మాట వచ్చింది. పక్కనే కూర్చున్న నన్ను పలకరించలేదు. "శేఖర యాడ?" అంది. నాకు నీ ముఖం చూడాలని లేదు. అయినా వెంటనే బయలుదేరు. పిల్లలకు దీవెనలు.

మీ బావ,
మునెయ్య