పైమట్టి చుట్టాలు

అమ్మా, మన వంశం మొత్తం తరఫున ముందుగా క్షమాపణ వేడుకుంటున్నాను. ఈ ఘోరంలో నా తప్పు ఇసుమంతైనా లేదు.

నేను క్షేమమే. మా గ్రావెల్ క్వారీలో తవ్వకం అయ్యాక గొయ్యి పూడ్చి, మొదట తీసి దాచిన నల్లటి పైమట్టిని మీద పరిచి, పక్క ఊరి పశువులకు మేత నేల తిరిగి ఇవ్వాలి. ఆ ప్లాను నాది, ఊరివాళ్లకు మాట ఇచ్చిందీ నేనే. మొన్న మీ దగ్గర నుంచి తిరిగొచ్చి చూద్దును కదా, ఇంటంత కుప్ప మాయం! వాచ్‌మన్ మాత్రం నిశ్చింతగా, "సబ్ ఆప్ కే రిష్తేదార్ థే, సాబ్" అన్నాడు. సంచులతో, ఆటోలతో వచ్చినవాళ్లంతా నా చుట్టాలమనే చెప్పారట! మనవాళ్లంతా ఉండే సెక్టర్ 6 కాలనీకి పరుగెత్తాను. ప్రతి క్వార్టరు పెరట్లోనూ మా మట్టే, దాని మీద బెండ, వంగ, ఆనప.

"ఏటత్తా ఇది?" అంటే కనకరత్నం అత్త, "మట్టే కదరా! నీ పేరు సెప్పుకుని నలుగురూ నాలుగు మొక్కలేసుకున్నారు. దానికే ఏటయిపోనాదేటి?" అంది.

ఆ మట్టి లేకపోతే క్వారీలో గడ్డిపోచ మొలవదు. ఆదివారం ట్రాక్టరుతో ఇంటింటికీ తిరిగి అడుక్కుంటాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? బెల్లం ఆవకాయ పంపు, గోంగూర విత్తనాలు మాత్రం ఇక వద్దు. నాన్నకు నమస్కారాలు, చెల్లికి ఒక మొట్టికాయ.

ఒక్కటి మాత్రం నిజం. నువ్వు పంపిన గోంగూర తన పెరటి రాళ్ల మొరంలో మొలవలేదని అత్త దిగులుపడితే, ఆ కుప్పలోంచి మొదటి సంచి నేనే ఎత్తుకొచ్చాను. వాచ్‌మన్ అడిగితే, "మా అత్తకు" అన్నాను.

నీ ఉదయ్